మైదుకూర్లో ఎండ తక్కువయిందంట

"మైదుకూర్లో ఎండ తక్కువయిందంటనా?" రిపోర్టు చూసి అమ్మ అడిగిన మొదటి మాట ఇది. "మిరపకాయల మాదిరి ఎండిపోతాండాం, ఎండ తక్కువేందిమే?"

విటమిన్ డి 11. పక్కనే 30 ఉండాలని అచ్చేసి ఉంది. అదే కాగితంలో కింద ఇంకో వరస: మొత్తం కొలెస్టరాల్ 228, ట్రైగ్లిజరైడ్లు 210, మంచిదనే హెచ్‌డీఎల్ 36. ఆ వరస దాకా అమ్మ రాలేదు. డాక్టరు కూడా దాని మీద వేలు పెట్టలేదు. వారానికొక 60,000 యూనిట్ల డి మాత్ర రాసి, పీసీఓఎస్‌కీ మంచిదే, కొలెస్టరాల్‌కీ మంచిదే అన్నారు.

పీసీఓఎస్ ఉందని నాకు ఇరవై రెండో ఏట తెలిసింది. అప్పట్నుంచి ఎవరు మాట్లాడినా చివరికి తేలేది ఒకటే: పిల్లలు పుడతారా? సంబంధం చూసేవాళ్లకి చెప్పాలా వద్దా అని మా ఇంట్లో ఎన్ని రాత్రుళ్లు గుసగుసలో! గుండె ఊసు ఎవరూ ఎత్తలేదు. నాన్నకి యాభై రెండో ఏట స్టెంటు వేశారు, అయినా నాకూ తట్టలేదు. 1935లో షికాగో డాక్టర్లు స్టైన్, లెవెంతాల్ ఏడుగురు ఆడవాళ్ల కేసులు రాసినప్పుడు చూపంతా అండాశయాల మీదే. పేరు కూడా అక్కడే ఆగిపోయింది. కానీ మాలో చాలామందికి ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, దాంతో కాలేయం రక్తంలోకి కొవ్వుని ఎక్కువగా వదుల్తుంది. పీసీఓఎస్ తేలగానే, వయసుతో బరువుతో పనిలేకుండా లిపిడ్ పరీక్ష చేయించమని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి. నాకు పదేళ్లు ఆలస్యంగా జరిగింది, అదీ ఆఫీసు హెల్త్ చెకప్ పుణ్యమా అని.

అమ్మ ప్రశ్నకి జవాబు తిరుపతిలో దొరికింది. స్విమ్స్ డాక్టర్లు 2007లో ప్రచురించిన అధ్యయనంలో చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లలో నూటికి 70 మందికి డి తక్కువే. తర్వాత గాజు యాంప్యూల్స్‌ని గంటగంటకీ ఎండలో పెట్టి చూస్తే, డి బాగా తయారయ్యేది పదకొండు నుంచి రెండు మధ్యలో. సరిగ్గా మా జేజి "లోపలికి రాండి, వడదెబ్బ తగుల్తాది" అని తలుపులేసే టైము. చేన్లో ఉన్నవాళ్లు కూడా కొంగు నిండా కప్పుకునే టైము.

ఆ యాంప్యూల్స్‌లో పోసింది 7-డీహైడ్రోకొలెస్టరాల్. మన చర్మంలో ఉండేదీ అదే. మైదుకూరు నాలుగు రోడ్ల కూడలి లాంటి అణువు: ఎండ తగిలితే డి వైపు, ఎంజైము అందుకుంటే కొలెస్టరాల్ వైపు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే కదా! కాదు. ఒళ్లు రోజుకి గ్రాముకి అటూఇటూగా కొలెస్టరాల్ చేసుకుంటుంది, డి లెక్క మైక్రోగ్రాముల్లో. పైగా మాత్రలో వచ్చే డి ఆ కూడలికే రాదు. కోడ్ చదవకుండా ఫంక్షన్ పేరు చూసి సంబరపడటం లాంటిది నాది.

పీసీఓఎస్ ఉన్నవాళ్ల మీద జరిగిన ట్రయల్స్ ఎక్కువ భాగం చిన్నవి, రెండు మూడు నెలల్లో ముగిసేవి. కొన్నిట్లో డితో పాటు కాల్షియం కూడా ఇచ్చారు, ఇక పేరు దేనికి కట్టాలి? అన్నీ కలిపి లెక్కేసిన సమీక్షల్లో కొన్ని మొత్తం కొలెస్టరాల్, ఎల్‌డీఎల్ కాస్త తగ్గాయంటాయి. హెచ్‌డీఎల్ గురించి గట్టిగా చెప్పలేవు. డి తక్కువుంటే మాత్ర వేసుకోవాల్సిందే, ఎముకల కోసం. గుండె పని దానికి అప్పజెప్పి కూర్చోవడమే నాకు తప్పనిపిస్తుంది.

పన్నెండు వారాల తర్వాత నా డి 38. ఎల్‌డీఎల్ 150 నుంచి 146కి వచ్చింది. అంత తేడా ల్యాబ్ మారినా వస్తుంది.

"38 అంటే పాసైనట్టే గదా" అని అమ్మ సంతోషపడింది. ఈసారి కాగితాన్ని తన వైపు తిప్పుకుని కింది వరస కూడా చదివింది, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి.

"ఇవి మీ నాయన కాగితంలో ఉన్నెవే గదమే?"