బొత్తాల యుద్ధం రాసిన పంతులు

పుదుచ్చేరి శాసనసభలో ఎస్సీలకు రిజర్వైన స్థానాల్లో ఏంబలం ఒకటి. ఆ పల్లెల్లో పనిచేస్తున్నప్పుడు మేము తరచూ గమనించే సంగతి ఒకటుంది. ఊరి పిల్లలకూ, చేరి పిల్లలకూ (చేరి అంటే మన పేటే) మధ్య పగ దానంతట అది పుట్టదు. ఇంట్లో పెద్దల మాటల్లోంచే ఎక్కుతుంది. ఈ సంగతిని వందేళ్ళ కిందటే కథగా రాసిన ఒక బడిపంతులున్నాడు. ఆయన ఫ్రెంచివాడు, పేరు లూయీ పెర్గో.

1882లో పుట్టాడు. తండ్రీ పంతులే. పల్లెటూళ్ళలో పాఠాలు చెప్పాడు గానీ చర్చి పెద్దలకు తలవంచలేదు. అందుకే ఊరివాళ్ళకు గిట్టలేదు. గుడికి పోని మాస్టారి గతి మన ఊళ్ళలో ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? 1907లో పారిస్ చేరాడు. 1910లో గోంకూర్ బహుమతి వచ్చింది. 1912లో 'బొత్తాల యుద్ధం' నవల వెలువడింది. అందులో రెండు పల్లెల పిల్లలు కొట్టుకుంటారు. చిక్కినవాడి చొక్కా బొత్తాలు కోసి పంపేస్తారు. ఇంటికెళ్తే అమ్మానాన్నల చేతిలో మళ్ళీ దెబ్బలు. ఎందుకు కొట్టుకుంటున్నారంటే, తాతల నాటి నుంచీ కొట్టుకుంటున్నారు గనుక.

రెండేళ్ళకే పెద్దల యుద్ధం వచ్చింది. యుద్ధమంటే గిట్టని పెర్గోను 1914 ఆగస్టులో సైన్యంలోకి పిలిచారు. నిర్బంధ సైనిక సేవ చట్టానికి మనసుతో పనిలేదు. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీసి చెప్పారు. పెర్గోలో ఆ కోరిక లేదు. అవసరం ఉందో లేదో తేల్చింది ప్రభుత్వాలు, ఆయన కాదు. న్యాయశాస్త్రం చదివిన మాకు ఇక్కడే గొంతు పట్టుకుంటుంది.

1915 ఏప్రిల్‌లో, మార్షెవిల్ దగ్గర జర్మన్ కందకాల మీద జరిగిన దాడిలో ఆయన గాయపడి ముళ్ళకంచెలో చిక్కుకున్నాడు. శత్రు సైనికులే ఎత్తుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చారనీ, ఆ ఆసుపత్రి మీద ఫ్రెంచి ఫిరంగి గుండ్లే పడ్డాయనీ చెబుతారు. అప్పటికి వయసు 33. శవం దొరకలేదు.

అదే యుద్ధం ఫ్రెంచి ఇండియా నుంచీ మనుషుల్ని తీసుకెళ్ళింది. మన యానాం కూడా అప్పుడు అందులో భాగమే. చనిపోయినవారి కోసం 1938లో ఆవిష్కరించిన స్మారకం పుదుచ్చేరి బీచ్ రోడ్డులో ఉంది. ఏటా జూలై 14న దీపాలు పెడతారు. పెర్గో పేరు పారిస్‌లో, పాంథియాన్ భవనంలో, యుద్ధంలో పోయిన రచయితల జాబితాలో చెక్కి ఉంది. సమాధి మాత్రం ఎక్కడా లేదు.