చెమట కారితే కొవ్వు కరిగినట్టేనా?

చెమట పట్టిందంటే కొవ్వు కరిగిపోతోందని మన ఆడవాళ్ళలో చాలామందికి గట్టి నమ్మకం. మీకూ ఉందేమో చూసుకోండి. పొద్దున్నే నడిచొచ్చాక జాకెట్టు తడిసి వీపుకి అతుక్కుపోతే "ఇవాళ బాగా పని జరిగింది" అనిపిస్తుంది. చలి రోజుల్లో అదే దూరం నడిచినా నుదుటి మీద చుక్క చెమట కనిపించకపోతే "ఏం లాభం, వొట్టి తిరుగుడే" అనిపిస్తుంది. పొట్ట తగ్గించే బెల్టులూ, చెమట సూట్లూ అమ్మేవాళ్ళు బతుకుతున్నది ఈ నమ్మకం మీదే కదండీ!

చెమట గురించి మాట్లాడే హక్కు మా రాజాం వాళ్ళకి కాస్త ఎక్కువే ఉందని నా ఉద్దేశం. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని శ్రీకాకుళం జిల్లాలోంచి తీసి విజయనగరం జిల్లాలో కలిపారు. జిల్లా మారింది గానీ ఉక్కపోత మారలేదు. ఉగాది వెళ్ళిందంటే చాలు, ఫ్యాను కింద కూర్చున్నా మెడ చుట్టూ జిడ్డే. పాలకొండ రోడ్డు వైపు నడకకి వెళ్ళే మా జట్టులో నలుగురం ఉన్నాం. అందులో ఒకావిడకి నాలుగడుగులు వెయ్యగానే చెమట ధారలు కడుతుంది. ఇంకొకావిడకి ఎంత నడిచినా పై పెదవి మీద నాలుగు చుక్కలే. తోవలో కూరగాయల బుట్ట పెట్టుకు కూర్చునే ముసలమ్మ ఓసారి మొదటావిడని చూసి, "ఏటమ్మా, రోజూ తానం సేసొచ్చినట్టు తడిసిపోతావు, మరి సన్నబడవేటి?" అని అడిగేసింది. నవ్వుకున్నాం గానీ, ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది.

మట్టి కుండ సంగతి మీకు తెలిసిందే. కుండ ఒంట్లోంచి నీరు చెమరుస్తుంది, ఆ తడి గాలికి ఆరుతుంది, ఆరుతూ ఆరుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. అందుకే వేసవిలో నీళ్ళు చల్లగా ఉంటాయి. మన ఒళ్ళూ అంతే. చర్మం కింద ఇరవై నుంచి నలభై లక్షల దాకా చెమట గ్రంథులుంటాయి. ఒంట్లో వేడి పెరగ్గానే అవి నీళ్ళు వదుల్తాయి. చెమటలో నూటికి 99 పాళ్ళు నీళ్ళే. మిగిలిందాంట్లో ఉప్పు, మరికొన్ని లవణాలు, కాస్త యూరియా. కొవ్వు మాత్రం లేదు. మనం కరిగించాలనుకునే కొవ్వు చర్మం రంధ్రాల్లోంచి నెయ్యిలా కారిపోదన్నమాట.

ఇంకో సంగతి. వానాకాలం కుండలో నీళ్ళు వేసవిలోలా చల్లబడవు, దండెం మీద బట్టలూ ఆరవు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. మా ఉత్తరాంధ్రలో మన చెమటకి వచ్చిన చిక్కూ ఇదే. ఆరదు, కారుతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. చల్లబడలేదు కాబట్టి ఒళ్ళు ఇంకా చెమట పోస్తుంది. పొడి గాలి ఉన్న ఊళ్ళో ఉండే మీ చెల్లెలు మీ అంత దూరమే నడిచి పొడిగా ఇంటికొస్తే, ఆవిడ తక్కువ కష్టపడిందని కాదు, ఆవిడ చెమట ఆరిపోయింది, అంతే. పైగా మనుషుల్లోనూ తేడాలున్నాయి. సాధారణంగా మగవాళ్ళ కన్నా మనకి చెమట తక్కువ. వ్యాయామం అలవాటైన ఒంటికి అలవాటు లేని ఒంటి కన్నా త్వరగా, ఎక్కువగా పడుతుంది. కాబట్టి చెమటని బట్టి ఎవరి కష్టం ఎంతో కొలవలేం.

నమ్మకం కుదరలేదా? అయితే జంతికలు వండే రోజు గుర్తు తెచ్చుకోండి. పీట వేసుకుని బాణలి ముందు రెండు గంటలు కూర్చుంటే ఎంత చెమట! చీర కొంగు పిండుకోవాల్సిందే. ఆ రెండు గంటల్లో ఒంట్లో ఖర్చయింది మాత్రం కూర్చున్న మనిషికి ఖర్చయ్యేదాని కన్నా కొంచెమే ఎక్కువ. ఉప్పు సరిపోయిందో లేదో అని రుచి చూసిన జంతికలతో ఆ లెక్క కాస్తా తలకిందులు! చెమటకే బరువు తగ్గేటట్టయితే పెళ్ళిళ్ళ వంటవాళ్ళందరూ చీపురుపుల్లల్లా ఉండాలి మరి.

ఇక లెక్క చూద్దాం. మన ఇంటి పద్దు రాసుకున్నట్టే ఇదీ. 60 కిలోల బరువున్న ఆవిడ గంటకి ఐదు కిలోమీటర్ల చొప్పున గంటసేపు నడిస్తే సుమారు 200 కేలరీలు ఖర్చవుతాయి. ఒంట్లోని కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. అంటే ఆ గంటలో ఖర్చంతా కొవ్వులోంచే జరిగిందనుకున్నా తగ్గేది పాతిక గ్రాములు. రెండు పెద్ద చెంచాల నెయ్యంత! కానీ ఉక్కపోత రోజున ఆ గంటలో అర లీటరు చెమట సునాయాసంగా పోతుంది. వెంటనే బరువు చూసుకుంటే మిషన్ అర కిలో తగ్గావని చూపిస్తుంది. ఆ అర కిలో రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొచ్చేస్తుంది. తిరిగి రానిది ఆ పాతిక గ్రాములే. దాన్ని ఒక్క రోజులో ఏ ఇంటి మిషనూ చూపించలేదు. కనిపించేది నిజం కాదు, నిజమైనది కనిపించదు. బరువు తగ్గాలనుకునేవాళ్ళు నెల తిరక్కుండానే నీరుకారిపోయేది ఇక్కడే.

ఈ చెమట నమ్మకం ఒక్కోసారి నవ్వుకుని వదిలేసేది కాదండీ. మా ఆడపడుచు కూతురి సంగతి చెబుతాను. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు "పిల్ల బాగానే ఉంది, కాస్త ఒళ్ళు తగ్గితే..." అని ఒక మాట విసిరి వెళ్ళారు. ఆ గుంట ఆ మాట పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా మే నెలలో సాయంత్రం నాలుగింటికి డాబా ఎక్కి, వానకోటు తొడుక్కుని, నడుముకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని గంటసేపు నడిచేది. మంచినీళ్ళు తాగితే బరువొస్తుందని గుక్కెడుతో సరిపెట్టేది. మూడు రోజుల్లో రెండు కిలోలు తగ్గిందని సంబరపడింది. నాలుగోనాడు మెట్లు దిగుతూ కళ్ళు తిరిగి కూలబడింది. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఆస్పత్రిలో రాత్రంతా సెలైన్ ఎక్కించారు. మర్నాడు ఇంటికొచ్చి మిషనెక్కితే ఆ రెండు కిలోలూ అక్కడే ఉన్నాయి! అది చూసి పిల్ల ఏడ్చిన ఏడుపు కళ్ళు తిరిగి పడినందుక్కాదు, బరువు తిరిగొచ్చినందుకు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. వాళ్ళమ్మ ఆ సంబంధం వాళ్ళకి కబురు కూడా పంపలేదు, మంచిపని చేసింది.

వానకోటు చేసే పని ఏమిటో తెలుసా? చెమటని ఆరనివ్వదు. అంటే ఒంటికున్న ఒక్క చల్లబరిచే ఏర్పాటునీ మూసేస్తుంది. కుండకి నూనె పూసినట్టు. నీళ్ళు తగ్గి రక్తం చిక్కబడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, మూత్రపిండాల మీద భారం పడుతుంది. మూత్రపిండాలంటే మా ప్రాంతం వాళ్ళకి ఉద్దానం గుర్తుకొచ్చి గుండె గుభేలుమంటుంది. అక్కడి జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ, ఎండలో గంటల తరబడి పని, చాలినన్ని నీళ్ళు తాగకపోవడం కూడా శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్న వాటిలో ఉన్నాయి.

చెమటతో బరువు తగ్గించడమనేది నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. బరువు తరగతులుండే ఆటల్లో. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1994, 1995ల్లో 54 కిలోల తరగతిలో ప్రపంచ ఛాంపియన్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, అదీ 69 కిలోల తరగతిలో. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ బరువు పెరిగాకే పతకం తెచ్చిందన్న సంగతి నాకు భలే ఇష్టం. ఇలాంటి ఆటల్లో తూకానికి ముందు చెమట పట్టించి నీళ్ళు తగ్గించుకుంటారు. తూకం అవగానే తాగి, తిని మళ్ళీ నింపుకుంటారు. వాళ్ళకి కావలసింది ఆ ఒక్క నిమిషం ముల్లు ఎక్కడుందన్నదే.

2024 ఆగస్టులో పారిస్‌లో కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్‌కి జరిగింది మనమంతా టీవీల ముందు కూర్చుని చూశాం. 50 కిలోల తరగతిలో ఒక్కరోజే మూడు కుస్తీలు గెలిచింది. మధ్యలో తీసుకున్న నీళ్ళు, ఆహారంతో బరువు రెండు కిలోలకి పైగా పెరిగింది. రాత్రంతా నిద్రలేకుండా చెమటోడ్చినా పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువ చూపించి ఫైనల్ చేజారింది. అంతటి మనిషి, పక్కన డాక్టర్లూ కోచ్‌లూ ఉండగా రాత్రంతా తంటాలు పడింది నీళ్ళ కోసం, కొవ్వు కోసం కాదు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు ఇలాగే చెమట సూట్లు తొడుక్కుని వేడిలో వ్యాయామం చేస్తూ కొద్ది వారాల తేడాలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే అక్కడ కాలేజీ కుస్తీల్లో అలాంటి సూట్లు నిషేధించారు. అవే సూట్లు మనకి పండగ ఆఫర్లలో వస్తున్నాయి!

మరి కొవ్వు ఎటు పోతుందండీ అంటారా? ఇది విన్నప్పుడు నేనూ నోరు వెళ్ళబెట్టాను. ఊపిరిలోంచి పోతుంది. 2014లో ఆస్ట్రేలియాకి చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ అనే ఇద్దరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ముక్కులోంచి పోతుంది. మిగతా 1.6 కిలోలు నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు మూత్రంలోనో, చెమటలోనో, ఊపిరి ఆవిరిలోనో కలిసి పోతాయి. డాక్టర్లనీ, వ్యాయామం నేర్పేవాళ్ళనీ అడిగితే చాలామంది తప్పే చెప్పారట, కాబట్టి మనం సిగ్గుపడక్కర్లేదు. అలాగని కూర్చుని గబగబా ఊపిరి పీల్చి వదిలితే లాభం లేదు, కళ్ళు తిరుగుతాయి. కండరాలు పని చేయాలి, అప్పుడే కొవ్వు కాలుతుంది. పొయ్యిలో కట్టె కాలితేనే పొగ వచ్చినట్టు.

నడుస్తున్నప్పుడు జాకెట్టు తడిసిందా అని కాదు, మాట ఎలా ఉందో చూసుకోండి. పక్కావిడతో కబుర్లు చెప్పగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. వారానికి కనీసం 150 నిమిషాలు అలా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బరువు వారానికొక్కసారే, పొద్దున్నే, కాలకృత్యాలయ్యాక, కాఫీకి ముందు, అదే మిషన్ మీద చూసుకోండి. నెలసరి ముందు రోజుల్లో ఒంట్లో నీరు పట్టి కిలో దాకా ఎక్కువ చూపించవచ్చు, దానికి బెంగపడి పస్తులుండకండి. తిండి సంగతి వంటింట్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పాలా? పెద్ద చెంచా నూనె అంటే 120 కేలరీలు. గంట నడక రెండు చెంచాల నూనెకి సరిపోదు! పిల్లలు వదిలేసిన ముద్ద పారెయ్యలేక మన నోట్లో వేసుకుంటామే, ఆ ముద్దకి ఏ బెల్టూ సమాధానం చెప్పదు.

నీళ్ళు మాత్రం మానకండి. గంట నడకకి మామూలు మంచినీళ్ళు చాలు. ఎండలో ఎక్కువసేపు పని పడితే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగో, తరవాణో, చోడి అంబలో తాగండి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి డాక్టరునడగండి.

కొన్ని చెమటల్ని మాత్రం నిర్లక్ష్యం చెయ్యకూడదు. పనేమీ చెయ్యకుండా చల్లటి చెమట పట్టి గుండె దగ్గరో, దవడలోనో, వీపులోనో నొప్పిగా ఉంటే, "గ్యాసులే" అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఉన్నట్టుండి చెమటలు పట్టి చేతులు వణికితే చక్కెర పడిపోతోందేమో చూడాలి. తిండి మామూలుగానే ఉన్నా చెమటలు ఎక్కువై బరువు దానంతటదే తగ్గిపోతుంటే సంతోషించకండి, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. నలభై అయిదు దాటాక రాత్రిళ్ళు ఒళ్ళంతా ఆవిర్లొచ్చి దిండు తడిసిపోతే అది నెలసర్లు ఆగే వయసు వల్ల కావచ్చు, డాక్టరుతో చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు?

ఎండలో ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ తలాతోకా లేకుండా మాట్లాడుతుంటే, చెమట ఉందా లేదా అని చూస్తూ కూర్చోకండి. నీడకి తెచ్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. స్పృహలో లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకండి.

ధనుర్మాసంలో మా పాలకొండ రోడ్డు మీద తెల్లవారుజామున పొగమంచుకి ఎదురుగా వచ్చే లారీ కూడా సరిగా కనిపించదు. ఆ నెలంతా చెమట చుక్క కనిపించదు, నడక మానేసేవాళ్ళే ఎక్కువ. మీరు మానకండి. కాస్త వెలుగొచ్చాక శాలువా కప్పుకుని బయల్దేరండి. వీధి మలుపు తిరిగేసరికి అదే బరువనిపిస్తుంది, తీసి నడుముకి చుట్టుకోండి.