గోడమీది పేర్లు

వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించుట యెఱుగని సోదరి మన సీమలో నుండదు. కాని యీ యూరి ప్రఖ్యాతి యంతటితో ముగియదు. పదవ శతాబ్దమున నిది చాళుక్యుల రాజధాని. రెండవ అరికేసరి యాస్థానమున నుండి పంపకవి కన్నడ భారతమును రచించెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు ఈ ప్రాంతముననే కురిక్యాల బొమ్మలగుట్టపై జైనమూర్తులను మలిపించి, సంస్కృతాంధ్ర కర్ణాటకములలో శాసనము చెక్కించెను. అందలి తెలుగు కందపద్యములు మనకు లభించిన కందములలో మిక్కిలి ప్రాచీనములని పండితులందురు.

మేము గుట్టనెక్కి ఆ యక్షరములను దర్శించితిమి. వేయేండ్లు దాటినను జినవల్లభుని పేరు చెదరలేదు. కలిమిగలవారు పేరు నిలుపుకొనుటకు ఱాతిని చెక్కింతురు. లేనివా రెక్కడ వ్రాసికొందురు?

అమెరికాలోని న్యూయార్కు నగరమున 1970 తరువాత పేదపేటల బాలురు భూగర్భపు రైలుపెట్టెలపై రంగులు చిమ్మి, తమ మాఱుపేర్లను నిలువెత్తు అక్షరములతో వ్రాయసాగిరి. అది నేరము. ఐనను తమ పేరు నగరమంతయు తిరుగుట చూడవలెనని రాత్రులందు రైళ్లు నిలుచు తావులలో దూరెడివారు. ఆ వ్రాతలను మార్తా కూపర్ అను వనితయు, హెన్రీ చాల్ఫంట్ అను శిల్పియు ఛాయాచిత్రములుగా తీసిరి. చాల్ఫంట్ రైలు నిలిచిన క్షణములలో ఒక్కొక్క పెట్టెను తునుకలు తునుకలుగా తీసి, పిదప అతికించెడివాడు. కూపర్ పత్రికోద్యోగినిగా నున్నప్పుడు, 1980లో, స్టేషనులో కుఱ్ఱలు కొట్లాడుచున్నారని విని పోయెను. అది కొట్లాట కాదు, నృత్యమని వారు తెలిపిరి. హిప్‌హాప్ అను ఆ వీథికళలో భాగమైన యానృత్యము 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో చోటుచేసికొనెను.

ఇరువురి పుస్తకము ‘సబ్‌వే ఆర్ట్’ 1984లో వెలువడెను. 1989 మే నెలకు రైళ్లపై వ్రాతలన్నియు తొలగింపబడెను. వ్రాత పోయినది, చిత్రము మిగిలినది.

ఇక మన గోడలను చూతము. ఇచ్చట పెండ్లియైన యింట వాకిటిగోడపై గణపతిని చిత్రించి, వధూవరుల పేర్లు రంగులతో వ్రాయింతురు. ఆడుదాని పేరు వీథిలోని వారందఱు చదువునట్లు పెద్దయక్షరములతో వ్రాయబడుట, పెక్కండ్ర జీవితములలో, ఆ యొక్కసారియే. తరువాత ఆమె ఫలానావారి కోడలు, ఫలానావాని తల్లి. రెండు వానకాలములు గడచిన నాపేరు వెలియును. సున్నముతో పూర్తిగా మఱుగుపడును. 2025లో గుడిదారి వెడల్పుచేయుటకై ఇండ్లు కూల్చినప్పుడు గోడలే పోయినవి.

కావున సోదరీమణులారా, గుడిఱాళ్లపైనను, బొమ్మలగుట్టపైనను మన పేర్లు గీయవలదు. అవి పూర్వులు మనకప్పగించిన సొత్తు. ఇంటిగోడకు సున్నము వేయకముందు మాత్రము చేతి ఫోనుతో ఒక్క చిత్రము తీసి, ప్రతి యచ్చొత్తించి, వెనుక సంవత్సరమును, కుంచెపట్టిన చిత్రకారుని పేరును వ్రాసియుంచుడు. ఆ గోడపై నుండినది మీ బిడ్డ పేరు.