సంకర వైరస్ – ఒక రైతుబిడ్డ ఆలోచన

మా ఇంట్లో "హైబ్రిడ్" అన్న మాటకు మంచి పేరుంది. హైబ్రిడ్ విత్తనం వేస్తే నాలుగు బస్తాలు ఎక్కువొస్తాయని మా నాన్న నమ్మకం. కాని మంచి గుణాలనే కలపాలని ప్రకృతి నియమమేమీ పెట్టుకోలేదు. వైరస్‌లు కూడా సంకరమవుతాయని బి.యస్సీ.లో చదివిన రోజున నాకు ముందుగా గుర్తొచ్చింది మా కర్రపెండలం చేను.

మాది తూర్పు గోదావరి మెట్ట ప్రాంతం. మా దుంప సగ్గుబియ్యం మిల్లులకు వెళుతుంది. ఆకులు ముడుచుకుని, పసుపు మచ్చలు పడి, మొక్క గిడసబారిపోయే మొజాయిక్ తెగులు మాకు కొత్త కాదు. "పురుగైతే మందు కొడతాం. కంటికి కనపడని దాన్ని ఏం చేస్తాంరా?" అంటారు నాన్న. ఆ ప్రశ్న పట్టుకుని పుస్తకాలు తిరగేస్తే ఉగాండా కథ దొరికింది.

అక్కడ కర్రపెండలం అంటే మనకు బియ్యం లాంటిది. 1980ల చివర్లో ఆ దేశంలో తీవ్రమైన మొజాయిక్ తెగులు పుట్టి ఏటేటా కొత్త ప్రాంతాలకు పాకింది. ఎందరో రైతులు ఆ పంటే మానుకున్నారు. ఆఫ్రికన్, ఈస్ట్ ఆఫ్రికన్ అనే రెండు మొజాయిక్ వైరస్‌లు అప్పటికే తెలుసు. యాంటీబాడీలతో పరీక్షిస్తే ఈ వైరస్ ఆఫ్రికన్ దానిలాగే కనపడింది. పాత శత్రువే అయితే ఇంత ఉధృతం దేనికి?

1997లో శాస్త్రజ్ఞులు దాని డి.ఎన్.ఏ.ను వేరుచేసి, అక్షరమక్షరం పోల్చిన ఫలితాలు వెలువడ్డాయి. పైతొడుగు ప్రోటీన్ జీన్‌లో అటు చివర, ఇటు చివర ఈస్ట్ ఆఫ్రికన్‌వి. నడుమ 459 అక్షరాల ముక్క ఆఫ్రికన్‌ది! పరీక్ష చూసేది పైతొడుగునే గనుక, పొరుగువాడి చొక్కా తొడుక్కున్న దొంగలా అది తప్పించుకుంది. ఒకే మొక్కలో రెండు వైరస్‌లు చేరితే, డి.ఎన్.ఏ. నకలు తయారయ్యే వేళ ఇలాంటి అతుకులు పడతాయి.

డి.ఎన్.ఏ. చదివితేనే చాలదు, గుణం మొక్క మీద తేలాలి. ఆఫ్రికన్ వైరస్ ఒక్కటే ఉన్న మొక్కలు, సంకరం ఒక్కటే ఉన్నవి, రెండూ ఉన్నవి పోల్చి చూశారు. ఆఫ్రికన్ దానికంటే సంకరం తీవ్రం. రెండూ కలిసినచోట మరీ తీవ్రం. నాన్న రెండు రకాల విత్తనం పక్కపక్క మళ్లలో వేసి చూసే పద్ధతీ ఇదే. కాకపోతే ఇక్కడ ముందు ఒకదాన్నుంచి ఒకటి విడదీయాలి. ఆ విడదీయడంలోనే ఉంది కష్టమంతా. చివరకు ఉగాండా రైతును ఆదుకున్నవి తెగులు తట్టుకునే రకాలు, ఆరోగ్యమైన కర్ర.

మన దేశంలో కర్రపెండలానికి ఇండియన్, శ్రీలంకన్ అనే రెండు మొజాయిక్ వైరస్‌లున్నాయి. మోసేది ఆ తెల్లదోమే. అంటే కలయికకు కావలసిన సరంజామా మన చేలలోనూ ఉంది. తెగులు కర్ర నాటితే తెగులే మొలుస్తుంది. ఈసారి కర్ర ఎక్కడిది నాటాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు. మా చేలోదైతే ఖర్చు లేదు. బయట మంచి కర్ర కొనాలంటే అప్పు చేయాలి. పోనీ, కొన్న కర్రలో తెగులు లేదని ఎవరు చెప్పాలి?

మిత్రులారా, మనలో చాలామందిమి రైతుబిడ్డలమే. డిగ్రీ చేతికి రాగానే పొలానికి దండం పెట్టి పట్నం బస్సెక్కుతున్నాం. రైతు ఒక ఆకు తెచ్చి "ఇందులో ఏముందో చూడు బాబూ" అంటే చూసి చెప్పగల చోటు ప్రతి తాలూకాలో ఉండాలి. అక్కడ కూర్చునేవాళ్లు మనలోంచే రావాలి. నేను ఆ దారినే పోదామనుకుంటున్నాను. తోడెవరైనా వస్తారా?