తన చోటు ఇచ్చిన గురువు

ఆరో తరగతిలో ట్రంకు పెట్టెలు మోసుకుని హాస్టల్లో దిగిన రోజు మాకు ఏడుపొక్కటే తక్కువ. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లు ఎక్కినవారు ఎవరూ లేరు. ఆ రాత్రి పదో తరగతి అన్నలు ట్యూబులైటు కింద చోటు మాకిచ్చి, తాము వరండాలోకి వెళ్లి చదువుకున్నారు. పీజీలో చరిత్ర చదువుతూ ఈటా అనే మఠాధిపతి గురించి తెలుసుకున్నప్పుడు మాకు ఆ అన్నలే గుర్తొచ్చారు.

ఇంగ్లండు ఉత్తర భాగంలో అప్పట్లో నార్తంబ్రియా అనే రాజ్యం ఉండేది. ఐడన్ అనే ఐరిష్ సన్యాసి 635లో అక్కడి లిండిస్‌ఫార్న్ దీవిలో మఠం స్థాపించాడు. ఆ దేశపు పిల్లలు పన్నెండు మందిని చేరదీసి చదువు చెప్పాడు. వారిలో ఒకడు ఈటా. ఈ సంగతి బీడ్ 731లో పూర్తి చేసిన చరిత్ర గ్రంథంలో ఉంది.

ఈటా పెద్దవాడై మెల్‌రోజ్ మఠానికి అధిపతి అయ్యాడు. 651లో కత్‌బర్ట్ అనే యువకుడు అక్కడ చేరాడు. తర్వాత రిపన్‌లో కొత్త మఠం దక్కినా, ఈస్టర్ తేదీని లెక్కించే పద్ధతిపై వచ్చిన తగవులో గురుశిష్యులిద్దరూ దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. 664లో విట్బీ సభలో రోమ్ పద్ధతే నెగ్గింది. అది ఇష్టంలేని బిషప్ కోల్మన్ వెళ్లిపోతూ, లిండిస్‌ఫార్న్‌లో మిగిలినవారిని ఈటాకు అప్పగించమని రాజును కోరాడు. 678లో ఈటా బిషప్ అయ్యాడు.

అసలు కథ 684లో మొదలైంది. కత్‌బర్ట్‌ను హెక్సమ్‌కు బిషప్‌గా ఎన్నుకున్నారు. ఆయన మనసు మాత్రం లిండిస్‌ఫార్న్ మీదే ఉంది. అది ఈటా పీఠం, ఆయన గురువు ఐడన్ కూర్చున్న పీఠం. దాన్ని శిష్యుడికిచ్చి ఈటా హెక్సమ్‌కు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు. నేడు లోకం కత్‌బర్ట్‌ను ఎరిగినంతగా ఈటాను ఎరగదు.

ఇది చదివాక మాకు సిగ్గేసింది. ఈ ఏడాది పీజీ హాస్టల్లో గదులు చాలక కొత్త తమ్ముళ్లు వరండాలో పడుకుంటుంటే, "మేమూ అలాగే పడ్డాం" అని మంచాలకు అతుక్కుపోయాం. ఆ వారమే గదిలో సామాన్లు జరిపి, మరో ఇద్దరికి చోటు చేశాం. ఇరుకే. అయినా నిద్ర బాగా పడుతోంది.

తమ్ముళ్లూ, ఈ బాకీ మాకు తీర్చకండి. వచ్చే ఏడాది ట్రంకు పెట్టెతో గుమ్మంలో నిలబడే పిల్లవాడికి తీర్చండి.