తుప్పెరుగని సైకిలు

సైకిలు సామాన్యుని వాహనం. తెలుగు పల్లెల్లో బడిపంతులు, తపాలా బంట్రోతు, పాలవాడు, చీరల మూటతో ఊరూరా తిరిగే వ్యాపారి దశాబ్దాల పాటు ఆ రెండు చక్రాల మీదనే జీవనయాత్ర సాగించారు. ముందు కడ్డీ మీద పిల్లవాడు, వెనుక క్యారియరు మీద ఇల్లాలు, హ్యాండిలుకు వేలాడే సంచిలో కూరగాయలు. ఒక సంసారమంతా ఇరవై కిలోల ఇనుప బండి మీద ఒదిగి ప్రయాణించిన రోజులవి. ఆ సైకిలే నేడు కొందరి ఇళ్లలో లక్షల రూపాయల విలువ చేసే వస్తువైంది. టైటానియం లోహంతో చేసిన రోడ్డు సైకిలు ఆ కోవకు చెందినది. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, సన్నని చక్రాలు, రంగు వేయని బూడిద వన్నె గొట్టాలు తప్ప చూపరులకు అందులో ఆడంబరమేదీ కనిపించదు. అయినా పేరున్న కర్మాగారాలు చేసే ఫ్రేము ఒక్కటే లక్ష రూపాయలు దాటుతుంది. అంత వెల పోసి మనిషి కొనుక్కునేది దేనిని? వేగాన్నా? గొప్పతనాన్నా? మరి దేనినైనానా? ఈ ప్రశ్నకు సమాధానాన్ని ముందుగా ఆ లోహంలోనే వెతకాలి.

ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో విలియం గ్రెగర్ అనే మతాచార్యుడు 1791లో ఒక వాగులోని నల్లని ఇసుకను పరీక్షించి, అందులో కొత్త మూలకమున్నదని గుర్తించాడు. జర్మన్ శాస్త్రవేత్త క్లాప్రోత్ 1795లో దానికి గ్రీకు పురాణాల్లోని భూమిపుత్రులైన టైటన్ల పేరు పెట్టాడు. ఇది అరుదైన లోహం కాదు. భూమి పైపొరలో విస్తారంగా లభించే మూలకాలలో దీనిది తొమ్మిదవ స్థానం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల ఇసుకలోనూ దీని ఖనిజమైన ఇల్మనైట్ ఉంది. అయితే దొరకడం వేరు, లొంగడం వేరు. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే ఇనుము దిగివస్తుంది. టైటానియం అలా దిగిరాదు. ఖనిజాన్ని క్లోరిన్‌తో చర్య జరిపి ద్రవంగా మార్చాలి. ఆ ద్రవాన్ని గాలి చొరని పాత్రలో కరిగిన మెగ్నీషియంతో కలపాలి. అప్పుడు లభించే గుల్ల లోహాన్నే టైటానియం స్పంజి అంటారు. దానిని శూన్యంలో మళ్లీ కరిగిస్తే తప్ప పనికివచ్చే దిమ్మె సిద్ధం కాదు. లక్సెంబర్గ్ దేశస్థుడు విలియం క్రోల్ రూపొందించిన ఈ పద్ధతే నేటికీ ప్రధానంగా వాడుకలో ఉంది. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల ఈ విద్యను స్వదేశంలో సాధించగా, ఆ పరిజ్ఞానంతో కేరళలోని చవరలో 2011లో స్పంజి కర్మాగారం ప్రారంభమైంది. 1973లో హైదరాబాదులో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ రక్షణ, అంతరిక్ష అవసరాల కోసం టైటానియం మిశ్రలోహాలను తయారు చేస్తున్నది. అంటే ఈ లోహపు వెల దాని కొరత వల్ల వచ్చినది కాదు. దానిని లొంగదీయడానికి పడే శ్రమ వల్ల వచ్చినది.

ఆ శ్రమకు ఫలితం లేకపోలేదు. ఒకే పరిమాణం గల ఉక్కు ముక్క 100 గ్రాములు తూగితే, టైటానియం ముక్క దాదాపు 58 గ్రాములు మాత్రమే తూగుతుంది. బలంలో దీని మిశ్రలోహాలు ఎన్నో రకాల ఉక్కుకు తీసిపోవు. అన్నిటికన్నా విశేషం, దీనికి తుప్పు లేదు. గాలి సోకిన మరుక్షణమే దీని ఉపరితలం మీద కంటికి కానరాని ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. కర్ణుని సహజ కవచం వంటిదే ఇదీ. అయితే ఒక భేదముంది. ఇంద్రునికి కోసి ఇచ్చిన కవచం కర్ణునికి మళ్లీ మొలవలేదు. టైటానియం మీద గీత పడితే ఆ గీతలోనే కొత్త కవచం పుట్టుకొస్తుంది. అందుకే ఈ సైకిలుకు రంగు అవసరం లేదు. పైపైన గీతలు పడితే గిన్నెలు తోమే పీచుతో రుద్ది పోగొట్టవచ్చు.

విమానాల కోసం అభివృద్ధి చెందిన ఈ లోహం సైకిలు దాకా రావడానికి కొంత కాలం పట్టింది. 1970 దశకంలో శుద్ధ టైటానియంతో చేసిన కొన్ని ఫ్రేములు తొక్కుడుకు అటూ ఇటూ ఊగాయి, కొన్ని పగిలాయి. తరువాత మూడు శాతం అల్యూమినియం, రెండున్నర శాతం వనాడియం కలిపిన మిశ్రలోహం ఈ పనికి సరిపోయింది. విమానాల్లో ద్రవాలను మోసే గొట్టాలకు వాడినదీ అదే. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో లోహపు విడిభాగాలు చేసుకునే లిన్‌స్కీ కుటుంబంలో ఒక సోదరుడు మోకాలి నొప్పి వల్ల పరుగు మాని సైకిలు పట్టాడు. తమ పనిశాలలో అందుబాటులో ఉన్న టైటానియంతోనే ఒక ఫ్రేము చేసుకున్నాడు. 1980 దశకం మధ్యలో లైట్‌స్పీడ్ అనే పేరున్న సైకిళ్లు అలా పుట్టాయి. వీటి తయారీలో వెల్డింగు అత్యంత సున్నితమైన పని. కాగే లోహానికి గాలి తగిలితే అతుకు పెళుసుబారుతుంది. అందువల్ల గొట్టం వెలుపలా లోపలా ఆర్గాన్ వాయువును నింపి పని చేయాలి. అతుకు వెండిలా మెరిస్తే పనివాని నేర్పుకు అది ప్రమాణం; నీలివన్నెకు తిరిగితే అనుమానించవలసిందే.

ఇంత ఘనమైన సైకిలు యజమానిని వేగవంతుణ్ణి చేస్తుందా? చేయదు. బల్లపరుపు దారిలో గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయేవాని శక్తిలో అధికభాగం ఎదురుగాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. బండి బరువులో ఒక కిలో తగ్గినా పెద్ద తేడా తెలియదు. పందెపు వీరులు ఏనాడో కార్బన్ నారతో చేసిన ఫ్రేములకు మారారు. గతుకుల దారిలో ఒంటికి కలిగే హాయి కూడా లోహం కన్నా టైరు వెడల్పు మీద, అందులోని గాలి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వేగం కోసం దీనిని కొన్నవాడు నిరాశ చెందుతాడు. గొప్ప కోసం కొన్నవానిది మరింత నిరాశ. ఎందుకంటే రంగులేని ఈ సైకిలును దారినపోయేవారెవరూ ఆగి చూడరు.

హైదరాబాదులో యాభై దాటిన ఒక బ్యాంకు ఉద్యోగి ఇటువంటి సైకిలునే కొన్నాడు. రక్తంలో చక్కెర పెరిగిందని, శరీరానికి శ్రమ కావాలని వైద్యుడు చెప్పిన సంవత్సరమది. "ఇంత డబ్బుతో మోటారు సైకిలే వచ్చేది కదండీ!" అని భార్య అడిగింది. "మోటారు సైకిలు నన్ను మోస్తుంది. దీన్ని నేనే తొక్కాలి. నాకు కావలసింది అదే" అన్నాడాయన. ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరులో ప్రారంభమైనప్పటి నుంచి తెల్లవారుజామున ఆయన అక్కడికే వెళుతున్నాడు. ఆయన తండ్రి పల్లెటూరి ఉపాధ్యాయుడు. రోజూ పన్నెండు కిలోమీటర్లు ఇనుప సైకిలు తొక్కి బడికి వెళ్లివచ్చేవాడు. ఆదివారం వస్తే పెరట్లో సైకిలును బోర్లించి, పాత పంచెగుడ్డతో ఊచ ఊచా తుడిచి, గొలుసుకు నూనె వేసేవాడు. తుప్పు పట్టే స్వభావం గల ఆ ఇనుము ముప్పై ఏళ్లు నిలిచిందంటే ఆ చేతి చలవే. తండ్రి తన సైకిలును బతికించుకున్నాడు. కొడుకు సైకిలుకు ఆ అవసరం లేదు. అదే తన యజమానిని బతికించాలి.

అలాగని ఇది సేవ అక్కరలేని వాహనమని భావించరాదు. ఫ్రేము కలకాలం నిలుస్తుంది గాని, దానికి తగిలించిన టైర్లు, గొలుసు, బ్రేకు దిమ్మెలు కొన్ని వేల కిలోమీటర్లకే అరిగిపోతాయి. నిత్యమూ అనిత్యమూ ఒకే బండిలో కలిసి ప్రయాణిస్తాయి. మరొక చిత్రం కూడా ఉంది. సీటును మోసే అల్యూమినియం కడ్డీని గ్రీజు పూయకుండా టైటానియం గొట్టంలో బిగిస్తే, చెమటలోని ఉప్పు తగిలి ఆ కడ్డీ క్షయమవుతుంది. గొట్టంలో ఊడిరాకుండా బిగుసుకుపోతుంది. తాను చెడనిది తన పక్కనున్నదానిని చెరుపుతుందన్నమాట! బలవంతునితో సాంగత్యం చేసేవారి నడుమ కొంచెం స్నిగ్ధత ఉండాలనడానికి ఇంతకన్నా నిదర్శనం వేరే ఉండదు.

నిజానికి ఆ సైకిలులో అన్నిటికన్నా త్వరగా అరిగేది దాని మీద కూర్చున్న దేహమే. లోహానికి తుప్పు లేదు. మోకాళ్లకు ఉంది, గుండెకు ఉంది, సోమరితనం కమ్మిన మనసుకు ఉంది. ఇనుము మీది తుప్పును నూనెగుడ్డ ఆపుతుంది. మనిషి మీది తుప్పును ఆపేది కదలిక ఒక్కటే. గోడకు ఆనించి ఉంచితే టైటానియం సైకిలుకు వచ్చే నష్టమేమీ లేదు, నష్టమంతా యజమానిదే. నూరేళ్లు నిలిచే వస్తువును సొంతం చేసుకోవడం ధనంతో అయ్యే పని. దానికి తగినవాడు కావడానికి మాత్రం ప్రతి ఉదయమూ మంచం దిగి పెడలు మీద కాలు మోపాలి. తండ్రి ఇనుప సైకిలు నేర్పిన పాఠమూ అదే, కొడుకు టైటానియం సైకిలు నేర్పుతున్న పాఠమూ అదే.