పుస్తకంలో వసంతం

యానాంలో వసంతం అంటూ విడిగా ఒక కాలం కనబడదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ చలి మాత్రం ఏపాటిది, తెల్లవారుజామున ఓ దుప్పటి పాటిది. తరవాత కొన్నాళ్ళు మామిడిపూత, వేపపూత వాసన గాలిలో ఉంటుంది. ఉగాది వెళ్ళేసరికి ఎండ నెత్తిమీదకి వస్తుంది. పంచాంగంలో చైత్ర వైశాఖాలు వసంత ఋతువే. గౌతమి ఒడ్డున ఉండేవాళ్ళకి మాత్రం అవి ఎండాకాలమే.

అయితే మా నాన్నగారికి ఇంకో వసంతం నోటికి వచ్చు. ఆయన 1940లలో మా ఊళ్ళో ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. ఆ పుస్తకాల్లో ఏడాదికి నాలుగే కాలాలు. ప్రింతాం రాగానే మంచు కరుగుతుంది, మోళ్ళు చిగురిస్తాయి, లిలా పూలు పూస్తాయి. మంచు గడ్డ కట్టడం ఎరగని పిల్లలు అది కరగడం గురించి వ్రాసి మార్కులు తెచ్చుకున్నారు. 1954 జూన్‌లో ఫ్రెంచి పాలన పోయింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధమైనప్పుడు, ఫ్రెంచి పౌరసత్వం కోరుకునేవాళ్ళకి ఆరు నెలల గడువిచ్చారు. మా అల్లుడి తాతగారు కోరుకున్నారు. మా నాన్నగారు కోరుకోలేదు. ఫ్రాన్సు చూడకుండానే ఆయన వెళ్ళిపోయారు.

2024 ఏప్రిల్ నెలంతా నేను పారిస్‌కి ఉత్తరాన ఒక శివారు ఊళ్ళో, మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మార్చి ఆఖరి ఆదివారం తెల్లవారేలోపే వాళ్ళు గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుకున్నారు. ఆ తరవాత పగలు పెరగడం కళ్ళకి కనబడుతూనే ఉంది. మన ఊళ్ళో ఏప్రిల్ నెల మొత్తం మీద పగలు పెరిగేది అరగంట లోపే. అక్కడ గంటన్నర. నెలాఖరుకి రాత్రి తొమ్మిదైతే గాని పొద్దుగూకలేదు. ఎనిమిదేళ్ళ మా మనవరాలు, వెలుతురుండగా పడుకోమంటే ఎలాగని రోజూ తగువు పెట్టేది.

ఉగాది ఆ ఏడు ఏప్రిల్ 9న వచ్చింది. లా షపెల్ వీధిలో తమిళుల దుకాణాలున్నాయి. అక్కడ పచ్చిమామిడి దొరికింది. వేపపువ్వు ఎండబెట్టింది, పొట్లంలో దొరికింది. పుదుచ్చేరిలో అయినా, పారిస్‌లో అయినా తమిళుల పక్కన సర్దుకోవడం యానాంవాళ్ళకి అలవాటే. పచ్చడిలో నల్లటి పొడి చూసి, "ఇది పువ్వా, అమ్మమ్మా?" అంది మనవరాలు. పువ్వే అన్నాను. నమ్మినట్టు లేదు.

ఆ వారం ఎండ బాగా కాసింది. జనం కోట్లు చేతిమీద వేసుకుని తిరిగారు. నేనూ ఒక స్వెట్టరు తీసేస్తే మా అమ్మాయి కేకలేసింది. ఏప్రిల్‌లో ఒంటిమీద నూలుపోగు కూడా తియ్యకూడదని అక్కడి సామెతట. అన్నట్టే నెల సగమయ్యేసరికి అంతా తిరగబడింది. గంటలో వాన, వడగళ్ళు, మళ్ళీ ఎండ. వీటిని జిబులే అంటారు. నేల ఎండకి కాస్త వేడెక్కితే, పైన ఉత్తరాన్నించి వచ్చిన చల్లగాలి ఉంటుంది. ఆ రెండింటికీ పొసగక ఈ వాన. నాలుగో వారంలో రాత్రిళ్ళు మంచు గడ్డ కట్టి, షాబ్లీ వైపు ద్రాక్షతోటల్లో రైతులు చిగుళ్ళు కాపాడుకోడానికి మంటలు వెలిగించారు. 2021 ఏప్రిల్‌లోనైతే ఎన్నో ప్రాంతాల్లో తోటలు మాడిపోయాయి. ముందు వచ్చిన వెచ్చదనానికి మోసపోయి చిగురు తొందరపడుతుంది, వెనక వచ్చిన చలి దాన్ని కాల్చేస్తుంది. మన వైపు మంచుకి మామిడిపూత మాడడం ఎరిగినవాళ్ళకి ఆ దుఃఖం కొత్త కాదు.

ఆ సంగతి చెబుతుంటేనే మనవరాలు పట్టుకుంది. "జెల్‌ని తెలుగులో ఏమంటారు?" మంచు అన్నాను. "మరి నేజ్?" అదీ మంచే. "బ్రుయ్యార్?" పొగమంచు. నీకు ఒక్క మాటే వచ్చునా అని నవ్వింది. అప్పుడు నేను మొదలుపెట్టాను. ఎండ వేరు, వేడి వేరు. ఉక్క వేరు, సెగ వేరు. వడగాలి వేరు, వడదెబ్బ వేరు. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. సగం మాటలకి వాళ్ళ భాషలో ఒక్కటే మాట చెప్పింది.

ఈ పిల్లకి తెలుగు వ్రాయడం, చదవడం నేర్పాలా అని ఆ ఇంట్లో కొంతకాలంగా తర్జనభర్జన. మాట్లాడుతోంది కదా, చాలదా అని అల్లుడు. ఎప్పుడూ చూడని కోకిల గురించి, మావిచిగురు గురించి బట్టీ పెట్టించి ఏం లాభం అని మా అమ్మాయి. నిజమే. వాచకం తెరిస్తే మొదట కనబడేవి అవే.

నేను వాళ్ళతో వాదించలేదు. ఒక సంగతి మాత్రం చెప్పాను. వాళ్ళ వీధిలో చెట్లు చిగిర్చిన రోజున అవి మర్రోనియే అని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఎదురింటి గోడమీంచి వంగిన ఊదారంగు గుత్తులు లిలా అనీ తెలిసింది. నాన్నగారు మా ఇంటి అరుగుమీద కూర్చుని వల్లెవేస్తే విన్న మాటలవి. ఆయన వాటిని ఎన్నడూ చూడలేదు. అయినా ఆయన పెట్టి వెళ్ళిన పేర్లు నాలో చోటు చేసుకుని కూర్చున్నాయి. చెట్టు ఎదురుపడగానే లేచి నిలబడ్డాయి. బట్టీ చదువు అంతా దండగ అని నేను ఎలా అనగలను?

వాళ్ళు యానాం ఎప్పుడూ జూలై, ఆగస్టుల్లోనే వస్తారు. అప్పటికి మామిడి అయిపోతుంది, వేపపూత సంగతి సరేసరి. అక్కడి బళ్ళకి ఏప్రిల్‌లో కూడా రెండు వారాలు సెలవులుంటాయి. ఎండకి పిల్ల తట్టుకోలేదని మా అమ్మాయి భయం. రెండు రోజులు వేపచెట్టు కింద మంచం వేసి కూర్చోబెడతాను, పొద్దున్నే పూత రాలి ఒళ్ళో పడుతుంది, అంతే కదా అన్నాను. చూద్దాంలే అమ్మా అంది. ఇంకా టికెట్లు తియ్యలేదు. పిల్ల మాత్రం ఫోనులో గుణింతాలు అప్పజెబుతోంది. ఋతువు అన్న మాటలో 'ఋ' దగ్గర ఇంకా ఆగుతోంది.